భూమి కిందికి జారిన ఆదివారం

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. చేతనై ఉంటే ఈపాటికి నా మీద నాలుగు పుస్తకాలు వచ్చి ఉండేవి," అంటూ కెప్టెన్ గారు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.

ఆయన ఇలా మొదలుపెట్టారంటే టీ కొట్టు అక్క ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టేస్తుంది. ఒక్క టీతో అయ్యే వ్యవహారం కాదని ఆవిడకి తెలుసు.

మా ఫ్లయింగ్ క్లబ్బు అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. ఒక గడ్డి రన్‌వే, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో మూడు చిన్న విమానాలు, షెడ్డుని ఆనుకుని వరండా, వరండా చివర అక్క టీ కొట్టు. వారమంతా ఎవరి పనులు వాళ్ళం చేసుకుని ఆదివారం పొద్దున్నే ఇక్కడ చేరతాం. నేను పళ్ళ డాక్టర్ని. ఆరు రోజులు జనం నోళ్ళలోకి చూసి చూసి, ఏడో రోజు కాస్త ఆకాశంలోకి చూసుకుందామని వస్తాను. విమానాలు బాగుచేసేది మేస్త్రి. మా అందరికీ ఎగరడం నేర్పేది పంతులమ్మ. ఆవిడ వారమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆదివారం ఇక్కడికొచ్చి మాకు లెక్క చెప్తుంది.

కెప్టెన్ గారి సంగతి వేరు. ముప్పై ఏడేళ్ళు పెద్ద పెద్ద విమానాలు నడిపి, వయసైపోయిందని కంపెనీ వాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పంపించాక మా దగ్గరికి వచ్చారు. మమ్మల్ని 'ఆదివారం పిట్టలు' అంటారు. మేం ఆయన్ని, ఆయన లేనప్పుడు, 'మేడ మీది డ్రైవరు' అంటాం. ఆయన దృష్టిలో మేం బొమ్మలతో ఆడుకునేవాళ్ళం. మా దృష్టిలో ఆయనలాంటివాళ్ళు మీట నొక్కేసి కునుకు తీసేవాళ్ళు. మూడు నెలలుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం గానీ మధ్యలో ఇంకో మనిషికి పట్టేంత చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఇక అసలు విషయం. క్లబ్బు విమానంలో ఎవరైనా పక్కన మనిషిని ఎక్కించుకోవాలంటే ముందు పంతులమ్మ పరీక్ష చేసి పుస్తకంలో సంతకం పెట్టాలి. అది మా నియమం, ఇరవై రెండు వేల గంటలు ఎగిరిన మనిషికైనా సరే. వచ్చే ఆదివారానికి కెప్టెన్ గారికి పెళ్ళయి నలభై ఏళ్ళు. ఇన్నేళ్ళూ ఆయన విమానం నడిపితే ఆవిడ తాళం వేసిన తలుపుకి అవతల, ప్రయాణికుల మధ్యే కూర్చుంది. ఒక్కసారైనా భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఎగరాలని ఆయన కోరిక. ఆవిడ పొట్టి మనిషి. చిన్న విమానంలో ముందు అద్దంలోంచి బయటికి కనబడాలంటే కింద దిండు ఉండాలని మేస్త్రి చెప్తే, నీలం గుడ్డతో తనే ఒకటి కుట్టుకుంది. మూడు నెలలుగా ఆ దిండు ప్రతి ఆదివారం ఆవిడ ఒళ్ళో వస్తోంది, ఒళ్ళోనే తిరిగి వెళ్ళిపోతోంది.

క్రితం ఆదివారం పంతులమ్మ ఆయన్ని పరీక్షకి తీసుకెళ్ళింది. దిగాక సంతకం పెట్టలేదు. ఈ రోజు మళ్ళీ పరీక్ష. ఈసారి కూడా పెట్టకపోతే ఇక ఈ గేటు లోపల అడుగు పెట్టనని ఆయన మేస్త్రితో అన్నారట. పొద్దున్నుంచీ గాలి ఎక్కువగా ఉంది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచి కర్రకి అడ్డంగా బిగుసుకుపోయింది. అది కాస్త వేలాడితే గానీ ఎవరూ ఎగరడానికి లేదు. పంతులమ్మ బెంచీ ఆ చివర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మేస్త్రి మెట్టు మీద కూర్చుని వంకరపోయిన ఒక చక్రాన్ని చిన్న సుత్తితో టక్కు టక్కుమని కొడుతున్నాడు. కెప్టెన్ గారి భార్య దిండు ఒళ్ళో పెట్టుకుని గుడ్డ సంచి వైపే చూస్తోంది.

క్రితం ఆదివారం నేను ఊళ్ళో లేను. అందుకని, "పోయిన వారం ఏం జరిగింది సార్?" అని అడిగాను. అక్కడే తప్పు చేశాను.

"ఏం జరిగిందా? ఏమీ జరగలేదు డాక్టరూ, అదే విశేషం. ఎక్కాను, ఒక చుట్టు తిరిగాను, దిగాను, అంతే. నాకు ఇదొక లెక్కా? నేను నడిపిన విమానంలో నాలుగొందల మంది కూర్చునేవాళ్ళు, మూడు వంటిళ్ళు, పన్నెండు మరుగుదొడ్లు, నా కుర్చీయేమో నేలకి ముప్పై అడుగుల ఎత్తు, అంటే మూడో అంతస్తు వరండాలో కూర్చుని మేడ మొత్తాన్ని తోలుకెళ్ళడం అన్నమాట. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి దీంట్లో కూర్చోబెట్టారు. దీని తలుపు మా ఇంట్లో బీరువా తలుపు కంటే పల్చన. సరే, ముచ్చట పడుతున్నారు కదా అని కూర్చున్నాను. ఎక్కేముందు గాజు గ్లాసులోకి కాస్త పెట్రోలు పట్టి వెలుతురుకి పెట్టి చూశాను, అడుగున అరచెంచాడు నీళ్ళు కనబడ్డాయి, వంపేసి మళ్ళీ పట్టాను, మళ్ళీ వంపాను, అదంతా మామూలే అనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాను.

"బయల్దేరాం. నేలని వదిలాం. నాకు ముప్పై ఏడేళ్ళ అలవాటొకటుంది. నేల వదలగానే 'చక్రాలు పైకి' అంటాను, పక్క కుర్చీలో ఉన్న కుర్రాడు మీట లాగుతాడు. ఇక్కడా అదే ధోరణిలో 'చక్రాలు పైకి' అనేశాను. పక్కన చూస్తే ఈ అమ్మాయి," అని పంతులమ్మ వైపు గడ్డంతో చూపించారు. "ఆవిడ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. ఇద్దరం కింద చక్రాల వంక చూశాం."

"ఆ విమానానికి చక్రాలు లోపలికి పోవు సార్. బోల్టులు వేసి బిగించినవి," అన్నాడు మేస్త్రి సుత్తి ఆపకుండానే.

"నువ్వు చెప్తే పోవు మేస్త్రీ. నేను చెప్పాను. నాలుగొందల మందిని మోసే చక్రాలు విన్న గొంతు ఇది. ఒక్క క్షణం ఆలోచించాయి, మూడూ ఒకేసారి ముడుచుకుని బుద్ధిగా కడుపులోకి వెళ్ళిపోయాయి."

"మరి బోల్టులో?"

"అవి వెనకాలే ఎగురుతూ వచ్చాయి. పాపం, ఎక్కడికి పోతాయి?"

అక్క నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. పంతులమ్మ మాత్రం తలెత్తలేదు. ఎర్ర పెన్నుతో ఎవరిదో ఒక లెక్క కొట్టేసి పేజీ తిప్పింది. కెప్టెన్ గారు ఆవిడ వైపు ఓరగా చూసి గొంతు ఇంకాస్త పెంచారు.

"ఇక గాలి సంగతి. ఈ రోజు గాలి ఏం గాలి, అది గాలి. ఎదురుగా కొట్టింది చూడు, నేను ముందుకి పోతున్నాను గానీ విమానం అక్కడే నిలబడిపోయింది. కింద ఇటుకల బట్టీ. ఆ బట్టీ పొగగొట్టంలోంచి వచ్చే పొగని చూస్తూ పదిహేను నిమిషాలు అక్కడే ఉన్నాను. బట్టీ వాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిని మళ్ళీ పనిలోకి కూడా వచ్చేశారు. పోనీలే అని ఇంజను కొంచెం తగ్గించానా, వెనక్కి బయల్దేరింది. వెనక్కి, వెనక్కి, ఆదివారం దాటి శనివారంలోకి వెళ్ళిపోయాం డాక్టరూ. నమ్ముతావో లేదో, మా ఇంటి డాబా మీద శనివారం ఆరేసిన బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి."

"శనివారం నేను బట్టలు ఉతకలేదండీ," అంది ఆయన భార్య నెమ్మదిగా.

"చూశారా, ఆవిడ మర్చిపోయింది కూడా నాకు పైనుంచి కనబడింది. అది కాదు అసలు విషయం. డాబా మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరా అని కిందికి దించి చూస్తే నేనే. శనివారం నాటి నేను. లుంగీ కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసి, 'ఎవడో ఆదివారం పిట్ట, శనివారమే తయారయ్యాడు' అని విసుక్కుంటున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను పట్టుకుని నేనే అంత మాట అంటానా అని రెండు రోజులు నాతో నేను మాట్లాడలేదు."

ఈసారి నేను కూడా నవ్వాను. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కాసేపు రన్‌వే అవతలికి చూశారు.

"కానీ ఒకటి చెప్పాలి. ఆ విమానానికి కిటికీ తెరుచుకుంటుంది. నాకు తెలియదు, మోచెయ్యి తగిలి తెరుచుకుంది. కోసిన గడ్డి వాసన వచ్చింది. ముప్పై ఏడేళ్ళు ఎగిరాను డాక్టరూ, నాకు కింద ఊళ్ళన్నీ దీపాలుగానే తెలుసు, వాసన ఉంటుందని తెలియదు. కాలవ వంతెన మీద ఒకాయన సైకిలు ఆపి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇంతకుముందు కిందనుంచి నాకెవరూ చెయ్యి ఊపలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలు మనుషుల గొంతులా ఉంది. అందరూ నిజం చెప్పేశాడనుకుంటారేమోనని ఆయనకే భయం వేసినట్టుంది, వెంటనే తేరుకుని గ్లాసు కింద పెట్టారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొంగలు వచ్చాయి. లెక్కపెట్టాను, అరవై మూడు. నా వెనకాల రెండు వరసల్లో, మధ్యలో దారి వదిలి మరీ కుదురుకున్నాయి. మనుషులు కూడా అంత క్రమశిక్షణగా ఎక్కరు. నాకెలాగూ అలవాటే కదా, గొంతు సవరించుకుని 'మీ కెప్టెన్ మాట్లాడుతున్నాను, బయట వాతావరణం బాగానే ఉంది, అది మీకూ తెలుసు' అన్నాను. బెల్టులు పెట్టుకోమన్నానో లేదో అన్నీ కాళ్ళు దగ్గరగా చేర్చుకున్నాయి. ఒక ముసలి కొంగకి మాత్రం ఆయాసం. రెక్క చివర వాలి కునుకు తీస్తానంటే సరేనన్నాను. దాని బరువుకి విమానం కుడివైపు ఒరిగితే ఎడమ కాలితో సరిచేసుకుంటూ నడిపాను. పెద్ద విమానంలో కాళ్ళకి పనే ఉండదు, ఆ రోజు రాత్రి నా ఎడమ పిక్క ఎంత నొప్పి పుట్టిందో ఈవిణ్ణి అడగండి."

"పిక్క నొప్పి మాత్రం నిజమే," అంది ఆయన భార్య. "వేడి కాపడం పెట్టాను."

"విన్నారు కదా. సాక్ష్యం కూడా దొరికింది. ఇక ఇప్పుడు చెప్పబోయేదానికి మీరందరూ కాస్త గట్టిగా కూర్చోవాలి. అలా కొంగలతో వస్తున్నానా, రేడియోలో ఏడుపు గొంతు. పైన చూస్తే పెద్ద విమానం, నేను నడిపిన రకమే, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. నడిపేవాడెవరనుకున్నారు? నా దగ్గర పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న కుర్రాడే. నా గొంతు విని 'సార్, మీరా? ఆ చిన్నదాంట్లో ఏం చేస్తున్నారు?' అన్నాడు. 'ఆదివారం కదా, ఎగురుతున్నాను' అన్నాను. విమానాన్ని నేలకి కట్టేసే తాడు ఒకటి సీటు వెనకాల ఉంది. కిటికీ తీసి విసిరాను. వాడు వాళ్ళ కిటికీలోంచి చెయ్యి చాపి పట్టుకున్నాడు. మేస్త్రి వేసే ముడే వేసి, లాక్కెళ్ళాను."

"నాలుగొందల మందిని?" అన్నాను.

"నాలుగొందల పన్నెండు. ఇద్దరు కవల పిల్లలు కూడా ఉన్నారట, ఒళ్ళో టిక్కెట్టు. అందరూ లగేజీతో సహా. ఒక చేత్తో లాగాను, రెండో చేత్తో ముసలి కొంగని పట్టుకోవాలి కదా. ఇంజను అంటే ఇది ఇంజను డాక్టరూ. మా ఇంట్లో మిక్సీ కంటే కొంచెం పెద్దదేమో అని ఎగతాళి చేశాను గానీ, ఒక్కసారి కూడా దగ్గలేదు. పెద్ద విమానాశ్రయంలో వాళ్ళని అప్పజెప్పి తాడు విప్పుకుంటుంటే ఆ కుర్రాడు కిందికి దిగి వచ్చి దీని రెక్క మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. 'సార్, నాకూ ఒకసారి ఇస్తారా?' అన్నాడు. ఇవ్వలేదు. ఇది వాడి వల్ల కాదు. ఇక్కడ ప్రతిదీ మనమే చెయ్యాలి, మీట నొక్కి ఊరుకుంటే అయ్యే పని కాదు."

నాకప్పుడు తట్టింది. మూడు నెలలుగా బీరువా, మిక్సీ అని వెక్కిరిస్తున్న మనిషి, పదిహేను నిమిషాలుగా తనకి తెలియకుండానే ఆ చిన్న విమానాన్ని పొగుడుతున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో..." అని ఆయనే ఆగారు.

"దిగారు," అన్నాడు మేస్త్రి.

"దిగాను. దిగడంలో నన్ను మించినవాడు లేడు. ఇది గొప్ప కాదు, మా కంపెనీలో ఎవర్నైనా అడుగు. నేను దించితే ఒళ్ళో నిద్రపోయే పసిపిల్ల కదిలేది కాదు. రన్‌వే మీదికి వచ్చాను. చక్రాల్ని కిందికి రమ్మన్నాను, వచ్చాయి. బోల్టులు కూడా వచ్చి కూర్చున్నాయి. సరిగ్గా ఎక్కడ ముక్కు ఎత్తాలో అక్కడ ఎత్తాను. ఎక్కడ ఇంజను తగ్గించాలో అక్కడ తగ్గించాను. పువ్వుని పెట్టినట్టు కింద పెట్టాను. పెడితే ఏముంది డాక్టరూ? కింద భూమి లేదు."

"లేకపోవడమేంటి సార్?"

"జారిపోయింది. కిందికి. అక్షరాలా ముప్పై అడుగులు. రన్‌వే, షెడ్డు, ఈ వరండా, అక్క పొయ్యి, ఊరు ఊరంతా ఒక్కసారి కిందికి జారింది. ఆ రోజు బావుల్లో నీళ్ళు పైకొచ్చి ఉంటాయి, కనుక్కో. మీ ఆస్పత్రిలో కుర్చీ మరలు వదులయ్యాయేమో వెళ్ళి చూసుకో. నేను దిగాల్సిన చోటే దిగాను. భూమే నిలబడలేదు. అక్క చేతిలో టీ గిన్నె ఒలికిందా లేదా, అడగండి."

"ఒలికిన మాట నిజమే," అంది అక్క. "మీరు దిగిన చప్పుడికి చెయ్యి జారింది."

"ఈ చక్రం కూడా అప్పటిదే," అన్నాడు మేస్త్రి, టక్కుమని ఇంకో దెబ్బ వేసి.

వరండా అంతా నవ్వు. నేనైతే బెంచీ పట్టుకుని నవ్వాను. నవ్వి చూసేసరికి కెప్టెన్ గారి చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆయన మా ఎవరి వైపూ చూడటం లేదు, తన రెండు అరచేతుల వైపు చూసుకుంటున్నారు.

"మీరు నమ్మరు. కానీ నేను సరిగ్గానే దించాను," అన్నారు. ఇందాకటి ఊపు లేదు ఆ గొంతులో. "ఒకసారా రెండుసార్లా, వేలసార్లు దించాను. చేతులకి తెలుస్తుంది. నేల అక్కడే ఉండాలి."

ఆయన భార్య ఒళ్ళోని దిండుని రెండు చేతులతో దగ్గరికి నొక్కుకుంది. నాకు నవ్వినందుకు సిగ్గేసింది. ఇంతసేపూ ఆయన కోసింది కోతలే గానీ ఈ ఒక్కటి కోత కాదు. నిజంగానే ఆయనకి ఏం జరిగిందో అర్థం కాలేదు. వారం రోజులుగా ఆ భూమి గురించే ఆలోచిస్తూ ఉండి ఉంటారు.

పంతులమ్మ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

"కెప్టెన్ గారు చెప్పింది నిజమే," అంది. "చెయ్యాల్సినవన్నీ సరిగ్గానే చేశారు. పక్కన కూర్చుని చూశాను కదా. నాకు ఒక్క చిన్న లెక్క చెప్పండి. మీ పాత విమానంలో మీ కుర్చీ ఎంత ఎత్తులో ఉండేదన్నారు?"

"ముప్పై అడుగులు," అన్నారాయన వెంటనే, తలెత్తి. "మూడో అంతస్తు వరండాలో కూర్చున్నట్టు."

"భూమి ఎంత కిందికి జారిందన్నారు?"

ఆయన నోరు తెరిచారు. 'ముప్పై' అనడానికి పెదాలు కలిశాయి కూడా. ఆ మాట బయటికి రాలేదు.

మేస్త్రి సుత్తి ఆగింది. అక్క పొయ్యి మంట తగ్గించింది. ఇంకేం చప్పుడు లేదు, పాలు మాత్రం కొంచెం కొంచెం పొంగుతున్నాయి.

"మీ కళ్ళకి ఆ ఎత్తే అలవాటు," అంది పంతులమ్మ. ఎగతాళిగా అనలేదు, వెనక బెంచీ పిల్లకి లెక్క విడమరిచినట్టు చెప్పింది. "నేల అంత దూరంలో ఉండగానే ఇక దిగిపోయాం అనుకుంటాయి. ఈ విమానంలో మీ కుర్చీ మా స్టాఫ్ రూములో కుర్చీ కంటే కాస్త ఎత్తు, అంతే. మీరు గాల్లోనే దిగేశారు. నేను ఇంజను పెంచాను కాబట్టి ఒక్క చక్రంతో పోయింది. పెద్ద విమానాల నుంచి వచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు ఇది. ఈ డాక్టరు గారు కావాలని ప్రయత్నించినా చెయ్యలేరు. ఆయన చేసేవి వేరే ఉన్నాయి."

"నన్నెందుకు లాగుతారు?" అన్నాను.

"ఎందుకంటే పెట్రోల్లో నీళ్ళు కనిపెట్టింది ఈయన. పోయిన నెల అదే విమానంలో ఎగిరింది మీరు. ఆ గాజు గ్లాసు వంక చూసినట్టు నటించి పారబోస్తారు. మన క్లబ్బులో సగం మంది అంతే. ఆ అరచెంచాడు నీళ్ళు ఇంజన్లోకి వెళ్ళి ఉంటే నేనీ రోజు పేపర్లు దిద్దేదాన్ని కాదు. కొంగలు, తాళ్ళు అన్నీ చెప్పారు గానీ, నిజంగా గొప్పగా చెప్పుకోవాల్సింది మాత్రం ఆయన ఒక్క ముక్కలో దాటేశారు."

నేను టీ తాగుతున్నట్టు గ్లాసులోకి చూశాను. గ్లాసు ఖాళీ.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు కెప్టెన్ గారు.

"చెప్పబోయాను. మీరు తలుపు తీసుకుని, చక్రం తప్పు, గడ్డి తప్పు, గాలి తప్పు అంటూ గేటు దాటిపోయారు. ఈ వారం భూమి తప్పు కూడా అయిపోయింది. ఇక తప్పు పట్టడానికి ఎవరూ మిగల్లేదు కదా అని ఇప్పుడు చెప్తున్నాను."

కెప్టెన్ గారు గ్లాసు పక్కకి జరిపి, "దీనికి మందుందా?" అన్నారు.

"చిన్న మందే. వెళ్ళి విమానంలో కూర్చోండి. ఇంజను వెయ్యొద్దు. ముక్కు మీదుగా గడ్డి వైపు చూస్తూ పావుగంట ఊరికే కూర్చోండి. నేల ఎక్కడుందో కళ్ళకి చూపించండి."

"ఇరవై రెండు వేల గంటలు ఎగిరినవాణ్ణి. కట్టేసిన విమానంలో పావుగంట కూర్చోమంటావా అమ్మాయ్?"

"అవునండి."

ఆయన లేచి నిలబడ్డారు. గేటు వైపు చూశారు. అయిపోయింది, ఇక వెళ్ళిపోతారనే అనుకున్నాను. తర్వాత ఆయన భార్య ఒళ్ళో ఉన్న నీలం దిండు వైపు చూశారు. ఆవిడ రండి అనలేదు, వెళ్ళండి అనలేదు. దిండు మీద ఏదో దారప్పోగు ఉంటే తీస్తూ కూర్చుంది. కెప్టెన్ గారు చొక్కా కిందికి లాగి సరిచేసుకుని, మెట్లు దిగి, షెడ్డు ముందు కొత్త చక్రంతో ఉన్న విమానం వైపు నడిచారు.

వరండాలోంచి ఆయన తల కనబడుతూనే ఉంది. కదలకుండా కూర్చున్నారు. ఒకసారి కిటికీ తెరిచారు, అంతే.

"పెళ్ళయినప్పటి నుంచి ఆయన పావుగంట మాట్లాడకుండా ఉండటం ఇప్పుడే చూస్తున్నాను," అంది ఆయన భార్య. నవ్వుతూనే అంది గానీ కళ్ళు తుడుచుకుంది.

ఆ పావుగంట అరగంటైంది. ఈలోగా గుడ్డ సంచి నెమ్మదిగా వేలాడటం మొదలుపెట్టింది. పంతులమ్మ పేపర్లు కట్టగట్టి నా చేతిలో పెట్టి, వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. విమానం గడ్డి మీద గెంతుకుంటూ వెళ్ళి లేచింది.

మూడు నెలలుగా ఈ మనిషి ఒక్కసారి బోర్లా పడితే చూడాలని నాకు లోపల ఎక్కడో ఉండేది. దాచుకోవడం ఎందుకు, ఉండేది. కానీ ఆ విమానం చుట్టు తిరిగి రన్‌వే వైపు వస్తుంటే నేను లేచి నిలబడ్డాను. ఈయన సరిగ్గా దిగాలి అని గట్టిగా అనుకున్నాను. అక్క ఈసారి గిన్నె కింద పెట్టి మరీ చూసింది. మేస్త్రి సుత్తి చేతిలోనే ఉంది. కెప్టెన్ గారి భార్య మాత్రం కూర్చునే చూసింది, దిండుని గడ్డం దాకా ఎత్తి పట్టుకుని.

పోయిన వారం ఆగిన ఎత్తు వచ్చింది. మేస్త్రి మెట్టు మీంచి లేచాడు. విమానం అక్కడ ఆగలేదు. ఇంకా కిందికి వచ్చింది, ఇంకా కిందికి, నేను నడిపితే ఈపాటికి రెండుసార్లు ఎగిరెగిరి పడేవాణ్ణి. అప్పుడు ముక్కు మెల్లగా లేచింది. చక్రాలు గడ్డిని ఎప్పుడు తాకాయో మాకెవరికీ తెలియలేదు. చప్పుడు లేదు. దిగడంలో ఆయన్ని మించినవాడు లేడన్న మాట కూడా కోత కాదని అప్పుడు తెలిసింది.

ఇంకో రెండుసార్లు లేచి, రెండుసార్లు దిగి వచ్చారు. వరండాలోకి వచ్చాక పంతులమ్మ పుస్తకం తీసింది. చేతికి దొరికింది ఆ ఎర్ర పెన్నే. దాంతోనే సంతకం పెట్టింది.

"మార్కులు కూడా వెయ్యండి టీచరు గారూ," అన్నారు కెప్టెన్ గారు. ఆవిణ్ణి 'గారూ' అనడం అదే మొదటిసారి. ఆవిడ నవ్వి పుస్తకం మూసేసింది.

ఆయన వచ్చి బెంచీ మీద, నా పక్కన, మధ్యలో చోటు వదలకుండా కూర్చున్నారు. అక్క అడక్కుండానే టీ తెచ్చి, ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టింది. ఇక మొదలవుతుందని మేమందరం సర్దుకుని కూర్చున్నాం.

"చెప్పండి సార్, ఏం జరిగింది?" అన్నాను.

ఆయన ఒక గుక్క తాగారు. ఆలోచించారు. ఇంకో గుక్క తాగారు.

"ఏముంది డాక్టరూ. నేల ఉన్నచోటే ఉంది," అన్నారు.

మేం ఇంకాసేపు ఎదురుచూశాం. అంతే, ఇంకేం లేదు. చివరికి ఆయన భార్యే ఉండబట్టలేక అడిగింది.

"మరి కొంగలో?"

కెప్టెన్ గారు ఆవిడ ఒళ్ళోంచి దిండు తీసుకుని, దుమ్ము ఏమీ లేకపోయినా ఒకసారి దులిపి, దాన్ని పక్క కుర్చీలో పెట్టి రావడానికి లేచి విమానం వైపు నడుస్తూ చెప్పారు.

"వాటిని వచ్చే ఆదివారం రమ్మన్నానులే. నువ్వూ ఉంటావు కదా."